వర్సేల్సు ప్రాసాదము – నీటి కొఱత



చెఱువు త్రవ్వింపదలచినవాడు తొలుత నీటివాటము చూచును. ఫ్రాన్సుదేశపు ప్రభువగు పదునాలుగవ లూయీ ఆ విచారము చేయక, చాలినంత నీరులేని గట్టునేలపై లోకప్రసిద్ధమగు ఉద్యానమును నిర్మించెను. అదియే వర్సేల్సు. ఆ దేశమువారు వెర్సాయి యందురు. 1919లో జర్మనీతో సంధి జరిగిన స్థలముగా ఈ పేరు తమలో కొందఱు చదివియే యుందురు. పారిస్ నగరమునకు నైరృతిదిశగా పండ్రెండు మైళ్ళ దూరమున నున్నది.

మొదట నచ్చట నుండినది పదమూడవ లూయీ 1623లో కట్టించిన వేటవిడిది మాత్రమే. కుమారుడు 1661 మొదలు దానిని పెంచసాగెను. తండ్రి కట్టడమును పడగొట్టనీయక, ల వో అను శిల్పిచే దానికి మూడువైపుల క్రొత్త భవనములను చుట్టించెను. పితృభక్తి యనుడు, మఱేమైన ననుడు, అది మెచ్చదగిన పని. చూచువాని నబ్బురపఱచుటయే ఆనాటి ఐరోపాశిల్పుల పరమార్థము. ఆ శైలిని బరోక్ అందురు. 1678లో మాన్సారు అను శిల్పి యారంభించిన అద్దముల శాల దానికి తార్కాణము. పొడవు 240 అడుగులు. తోటవైపు 17 కిటికీలు, వాని కెదురుగా 17 అద్దపు కమానులు, అద్దములు 357. పడమటి యెండ లోనికి రాగానే తోటయే గోడలో వెలసినట్లుండును.

తోటను తీర్చినవాడు ల నోత్రు. నేరుగా మైలు పొడవున సాగు పెద్దకాలువ అతడు త్రవ్వించినదే. కాని జలధారలకు నీరేది? సేన్ నదిపై మార్లీయొద్ద 14 చక్రములతో, 200కు మించిన పంపులతో నొక యంత్రమును నిర్మించి 1684లో నడపించిరి. ఒక ఏతమెత్తిన నీటిని పై ఏత మందుకొన్నట్లు, కొండప్రక్కన మూడంచెలుగా 500 అడుగులపైకి నీరెక్కుచుండెను. అయినను చాలలేదు. రాజు వచ్చుచున్నాడని పనివారు ఈలవేసి తెలుపుకొని, ఆయన సమీపించిన ధారలను మాత్రము విప్పి, దాటిపోగానే కట్టివేయుచుండిరి!

అంతట 1685లో యూర్ నదినే తెప్పింప నెంచి, ఏబది మైళ్ళ కాలువకు వేలకొలది సైనికులను పూన్చిరి. బురదనేలల జ్వరములకు లెక్కకు మిక్కిలిగా మరణించిరి. 1688లో యుద్ధము రాగా పని నిలిచిపోయెను. మాంతెనోను నొద్ద ఆ కాలువకై యెత్తిన కమానులు నేటికిని శిథిలములై నిలిచియున్నవి. వానిమీదుగా వర్సేల్సునకు చుక్కనీరైనను పాఱలేదు.