పన్నెండు అక్షరాల పగ్గం

హెచ్‌పీవీ-16 (హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకం) డీఎన్ఏ మొత్తం పొడవు 7,906 అక్షరాలు. మనిషి జీనోమ్‌లో 300 కోట్లకు పైగా ఉంటాయి. ఇంత చిన్న వైరస్, దాని దాయాది 18వ రకం కలిసి ప్రపంచంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమవుతున్నాయి. 2022లో మన దేశంలోనే దాదాపు 1.27 లక్షల మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చిందని అంచనా.

అయినా క్యాన్సర్ వల్ల వైరస్‌కు ఒరిగేదేమీ లేదు. క్యాన్సర్ కణంలో కొత్త వైరస్ రేణువులు తయారు కావు. వైరస్ తన జన్యువులకు తానే వేసుకున్న పగ్గం తెగిపోవడమే ఈ జబ్బుకు ముఖ్యమైన దారుల్లో ఒకటి. ఆ పగ్గం పేరు ఈ2 ప్రొటీన్.

మామూలుగా గర్భాశయ ముఖద్వారపు పొర అడుగున ఉన్న కణంలో వైరస్ 50 నుంచి 100 ప్రతులతో సరిపెట్టుకుంటుంది. అక్కడ ఈ6, ఈ7 ప్రొటీన్లు కొద్దిగానే తయారవుతాయి. కొద్దిగా ఉండటమే మనకు రక్ష. ఎందుకంటే ఈ6 మన పీ53 ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది, ఈ7 ఆర్‌బీ ప్రొటీన్‌ను పని చేయనివ్వదు. కణం అడ్డూ అదుపూ లేకుండా విభజన చెందకుండా ఆపేవాటిలో ముఖ్యమైనవి ఆ రెండూ.

ఈ2 వీటిని ఎలా అదుపు చేస్తుంది? అది జంటగా చేరి, డీఎన్ఏలో 12 అక్షరాల ఒక వరుసను వెతికి పట్టుకుంటుంది. ఆ వరుస ఏసీసీతో మొదలై జీజీటీతో ముగుస్తుంది. మధ్యలోని ఆరు అక్షరాలు కొంత మారవచ్చు. రెండు చివర్లలోని ఆరు అక్షరాలు కచ్చితంగా కుదరాలంటే, యాదృచ్ఛికంగా 4,096 అక్షరాలకు ఒకసారి ఆ వరుస కనిపించాలి. కానీ హెచ్‌పీవీ-16లో సుమారు 850 అక్షరాల నియంత్రణ ప్రాంతంలోనే నాలుగు చోట్ల ఉంది! పరిణామం ఊరికే ఇన్నింటిని ఒకచోట పెట్టదు. వాటిలో రెండు సరిగ్గా ఈ6, ఈ7ల పఠనం మొదలయ్యే స్థలం పక్కనే ఉన్నాయి. ఈ2 అక్కడ కూర్చుంటే, పఠనం మొదలుపెట్టాల్సిన మన కణపు ప్రొటీన్లకు చోటు ఉండదు. ఈ2 తక్కువగా ఉన్నప్పుడు మాత్రం, 18వ రకంతో చేసిన ప్రయోగాల్లో అదే ప్రొటీన్ పఠనాన్ని పెంచింది కూడా. అంటే మోతాదును బట్టి దాని పని మారుతుంది. ఈ8-ఈ2 అనే కురచ రూపం అణచివేతకు మరింత తోడ్పడుతుంది.

కణం పైపొరకు చేరేకొద్దీ ప్రతులు వేలకు పెరుగుతాయి. అప్పుడు ఎల్1, ఎల్2 అనే పెంకు ప్రొటీన్లు తయారవుతాయి. ఒక్కో రేణువుకు 360 ఎల్1 అణువులు కావాలి.

కొన్నిసార్లు వైరస్ డీఎన్ఏ తెగి మన క్రోమోజోమ్‌లో అతుక్కుంటుంది. ఆ తెగే చోటు తరచూ ఈ2 జన్యువులోనే ఉంటుంది. ఈ6, ఈ7 మాత్రం చెక్కుచెదరవు. 2017లో వెలువడిన టీసీజీఏ (ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్) అధ్యయనంలో 18వ రకం కణితులన్నింటిలో, 16వ రకం కణితుల్లో 76 శాతంలో ఇలాంటి అతుకు కనిపించింది. మిగతా 24 శాతం మాటేమిటి? ఈ2 ఉన్నా, అది కూర్చునే వరుసలపై మిథైల్ గుంపులు చేరితే పట్టు దొరకదు. అందుకే కథ అంతా అతుకుతోనే పూర్తి కాదు.

ఈ2యే పగ్గం అనడానికి నాకు అత్యంత నమ్మకం కలిగించే సాక్ష్యం హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా ల్యాక్స్ కణితి నుంచి తీసిన ఈ కణాల్లో 18వ రకం డీఎన్ఏ 8వ క్రోమోజోమ్‌లో అతుక్కుని ఉంది. ఆమె ఆ ఏడాదే 31 ఏళ్ళకు కన్నుమూశారు. కణాలు నేటికీ పెరుగుతూనే ఉన్నాయి. పరిశోధకులు వాటిలో బయటి నుంచి ఈ2ను ప్రవేశపెట్టినప్పుడు ఈ6, ఈ7 పఠనం తగ్గింది, పీ53, ఆర్‌బీ తిరిగి పనిలోకి వచ్చాయి, కణాల విభజన ఆగింది. దశాబ్దాలుగా పెరుగుతున్న క్యాన్సర్ కణం కూడా ఇంకా ఆ రెండు ప్రొటీన్ల మీదే ఆధారపడి ఉందన్నమాట.

హెచ్‌పీవీ టీకాలో ఉండే వైరస్ ప్రొటీన్ ఎల్1 మాత్రమే. వైరస్ డీఎన్ఏ అతుక్కున్న కణం ఎల్1ను తయారు చేయదు కాబట్టి టీకా దాన్ని తాకలేదు. అందుకే టీకా వైరస్ సోకకముందే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఇస్తారు. 30 దాటిన స్త్రీలకు డబ్ల్యూహెచ్‌ఓ హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష సూచిస్తుంది.