పోలీసు సిబ్బంది సంఘాలు - చట్టం గీసిన హద్దులు

2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు సెలవుల విధానంలో తెచ్చిన మార్పును నిరసిస్తూ రహదారులపై బైఠాయించిన సంగతి విదితమే. రాష్ట్రమంతటికీ ఒకే పోలీసు వ్యవస్థ ఉండవలెనన్న కోరిక కూడ వెనువెంటనే ముందుకు వచ్చినది. ఆందోళన బెటాలియన్లలోనికి ప్రాకగా అదే నెల 26న 39 మందిని సస్పెండ్ చేయడమైనది. మరునాడు 10 మందిని రాజ్యాంగం 311వ అధికరణం క్రింద సర్వీసు నుండి తొలగించడమైనది. పోలీసులకు సంఘం పెట్టుకొనే హక్కు ఉన్నదా, లేదా అన్న ప్రశ్న ఈ సందర్భమున మరల చర్చకు వచ్చినది.

సమాధానం ఒక్క మాటలో చెప్పదగినది కాదు. సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛను 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చినది. శాంతిభద్రతలు కాపాడే బలగాల విషయమున ఆ స్వేచ్ఛను కుదించే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చినది. ఆ అధికారంతో వచ్చినదే 1966 నాటి పోలీసు బలగాల (హక్కుల పరిమితి) చట్టం. తగిన అధికారి అనుమతి లేనిదే పోలీసు ఉద్యోగి కార్మిక సంఘంలో గాని, రాజకీయ సంఘంలో గాని చేరరాదు, పత్రికలకు ఎక్కరాదు. ఉల్లంఘించిన వారికి రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

అయితే చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. జీతం, పని పరిస్థితులు, నివాసం వంటి విషయాలపై జరిగే సభలలో పాల్గొనరాదని నిబంధనలు చెప్పుచునే, అనుమతి పొందిన సంఘం తన ఆశయాలకు లోబడి జరిపే సభకు మినహాయింపు ఇచ్చినవి. పోలీసు అధికారుల సంఘాలు నడచుచున్నది ఈ మినహాయింపు నీడలోనే. పత్రికలలో వాటిని తరచు ‘పోలీసు యూనియన్’ అని వ్రాయుట కద్దు. చట్టరీత్యా ఆ పదం సరికాదు. సమ్మె చేయు శక్తి యూనియన్‌కు బలం. ఈ సంఘాలకు ఉన్నది వినతిపత్రం మాత్రమే. పైగా, ఎవరిపై ఫిర్యాదు చేయవలసి వచ్చునో ఆ ఉన్నతాధికార వర్గపు ఆదరణపైనే సంఘం మనుగడ ఆధారపడియుండును. ఘర్షణకు మూలం ఇక్కడనే ఉన్నది.

ఇది నేటి సమస్య కాదు. 1973 మే నెలలో ఉత్తర ప్రదేశ్ సాయుధ పోలీసు దళం తిరుగుబాటు చేయగా సైన్యాన్ని దింపవలసి వచ్చినది. కొలది రోజులకే కమలాపతి త్రిపాఠి మంత్రివర్గం రాజీనామా చేసినది. 1979లో పంజాబులో మొదలైన పోలీసు ఆందోళన ఇతర రాష్ట్రాలకు వ్యాపించినది. ఆ ఏడాదే బొకారోలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఆందోళనను సైన్యం అణచినది. విచారణ లేకుండ అక్కడి సిబ్బందిని తొలగించుటను సుప్రీం కోర్టు 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సమర్థించినది. 1966 చట్టం చెల్లుబాటును 1986లో ఢిల్లీ పోలీసు నాన్ గెజిటెడ్ సిబ్బంది సంఘం కేసులో ధ్రువీకరించినది.

కోర్టు తీర్పులు హద్దును నిలిపినవే గాని, అసంతృప్తిని తీర్చలేదు. ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1979 ఫిబ్రవరిలో ఇచ్చిన తొలి నివేదికలోనే కానిస్టేబుళ్ల జీతాలు, గృహవసతి, ఆర్డర్లీ పనులను ప్రస్తావించినది. పంజాబు ఆందోళన ఆ తరువాతనే వచ్చినదని గమనించవలెను. 2016 జూన్ 4న సామూహిక సెలవు పెట్టవలెనని కర్ణాటకలో పిలుపు వచ్చినపుడు, పిలుపునిచ్చిన సంఘ నాయకుణ్ణి ముందుగానే అరెస్టు చేసినారు. అదే ఏడాది ఔరాద్కర్ కమిటీ వేతనాల సవరణను సిఫారసు చేయగా, 2019లో కొంతమేరకు అమలైనది. కోరిన వారికి శిక్ష, కోరికకు ఆమోదం!

ఫిర్యాదుకు శాఖలో తావు లేదా అనిన, ఉన్నది. దర్బారులలో కానిస్టేబులు తన మాట నేరుగా చెప్పుకొనవచ్చును; కాని పదిమంది ఎదుట, తన పోస్టింగు నిర్ణయించు అధికారి సమక్షముననే చెప్పవలెను. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీం కోర్టు ఆదేశించిన పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డులో డీజీపీ, మరి నలుగురు సీనియర్ అధికారులు ఉందురు. డీఎస్పీ, అంతకు దిగువ వారి బదిలీలు, పదోన్నతులు నిర్ణయించునది ఆ బోర్డే. అయితే అప్పీళ్లు వినే వేదికగా అది పనిచేయవలసినది ఎస్పీ, ఆ పై హోదా వారికి. కానిస్టేబులు ఆ వరుసలో లేడు. 2024లో కానిస్టేబుళ్ల కంటె ముందు రోడ్డెక్కినది 1966 చట్టం వర్తించని వారి భార్యలు.