ఓట్ల సీజన్‌లో రీల్స్, బూస్టింగ్: ఏది పద్ధతి, ఏది కాదు?

ఎలక్షన్ అంటే ఒకప్పుడు గోడ రాతలు, ఆటోకు కట్టిన మైకు. ఇప్పుడు జనగామ అయినా మహబూబాబాద్ అయినా భూపాలపల్లి అయినా ముందు మోగేది ఫోనే. లీడర్ల పేజీలు నడిపేది, రీల్స్ కట్ చేసేది ఎక్కువగా మన డిగ్రీ పిల్లలే. నాలుగు పైసలు వస్తాయి, తప్పేం లేదు. కానీ రూల్ తెలవకుండా పోస్ట్ పెడితే ఇరుక్కునేది కూడా వాళ్లే.

2024 ఏప్రిల్ సంగతి గుర్తుందా? ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని తెలంగాణ సభలో అమిత్ షా అన్న పాత వీడియోను, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామన్నట్టు ఎవరో ఎడిట్ చేసి వదిలారు. ఢిల్లీ పోలీసులు సీఎం రేవంత్ రెడ్డికి నోటీసు ఇచ్చారు. తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా చూసేవాళ్లు అరెస్టయ్యారు. అసలు మాట మీదే గట్టిగా అడగొచ్చు కదా, ఆ మాటే మనకు సంబంధించింది. నకిలీ వచ్చాక చర్చంతా నకిలీ మీదికి పోయింది, 4 శాతం ముచ్చట పక్కకు పోయింది. అంతకుముందు 2023 నవంబర్ 30న, పోలింగ్ రోజే, కాంగ్రెస్‌కు ఓటేయమని కేటీఆరే చెబుతున్నట్టు ఒక డీప్‌ఫేక్ తిరిగింది. సాయంత్రానికి ఖండించినా ఏం లాభం, అప్పటికే ఓట్లు పడిపోతాయి.

ఇప్పుడు లెక్కల సంగతి. నేను చదివింది కామర్స్ కాబట్టి నాకు ఇదే ముఖ్యం అనిపిస్తది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫేస్‌బుక్‌కు కట్టిన బూస్టింగ్ డబ్బులే కాదు, వీడియో తయారీ, పేజీ నడిపే టీమ్ జీతాలు కూడా అందులోకే వస్తాయి. ఎన్నికల సంఘం 2013 అక్టోబర్‌లోనే ఈ మాట చెప్పింది. అభ్యర్థి తన సోషల్ మీడియా ఖాతాలను అఫిడవిట్‌లో రాయాలి. డబ్బు కట్టి వేసే యాడ్‌కు ముందే ఎంసీఎంసీ కమిటీ సర్టిఫికెట్ కావాలి. సొంత పేజీలో ఊరికే పెట్టే పోస్ట్‌కు అది అక్కర్లేదు. 'అభిమానుల పేజీ' అని పేరు మార్చి, పక్కోని కార్డుతో బూస్ట్ చేయించడం చాలాచోట్ల నడిచే తెలివి. అది ఖర్చు దాచడమే, ఇంకో మాట లేదు. మెటా యాడ్ లైబ్రరీలో ఎవరు కట్టారు, సుమారు ఎంత కట్టారు అనేది ఎవరైనా చూడొచ్చు, అదీ ఏడేళ్లపాటు.

డబ్బు వేస్ట్ చేసే పద్ధతులు వేరే ఉన్నాయి. జనగామ చుట్టూ 80 కిలోమీటర్లు గీత గీసి బూస్ట్ చేస్తే సగం హైదరాబాద్ చూస్తది. నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షల పైచిలుకు. రీల్‌కు పది లక్షల వ్యూస్ అని లీడర్‌కు చూపిస్తే ఆయన ఖుషీ, కానీ చూసినోళ్లలో మన ఓటర్లు ఎందరు? భూపాలపల్లిలో ఇంకో తిప్పలు. 2023లో అక్కడ ప్రధాన పోటీదారులు ఇద్దరూ గండ్రలే: బీఆర్ఎస్ నుంచి వెంకట రమణా రెడ్డి, కాంగ్రెస్ నుంచి గెలిచిన సత్యనారాయణ రావు. 'గండ్ర అన్నకే ఓటు' అని పోస్టర్ వేస్తే ఎవరికి పడాలి? పూర్తి పేరు, ఫొటో, గుర్తు మూడూ ఉండాల్సిందే. మహబూబాబాద్ ఎస్టీ రిజర్వుడ్ సీటు, తండాలు ఎక్కువ. అక్కడ గోర్‌బోలిలో చెప్పే అర నిమిషం మాట, పెద్ద పాట కంటే దగ్గరగా తగులుతది.

మసీదు, జమాత్ వాట్సాప్ గ్రూపుల గురించి కూడా చెప్పాలి. నమాజ్ టైమింగ్‌ల కోసం పెట్టుకున్న గ్రూపులో అభ్యర్థి మెసేజ్‌లు వేయడం మర్యాద కాదు. మతం పేరు చెప్పి ఓటు అడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అది అవినీతి చర్య. గెలిచిన ఎన్నిక కూడా రద్దు కావొచ్చు. ఈ రూల్ గుడికీ, చర్చికీ అంతే.

చివరి 48 గంటల్లో ప్రచారం బంద్. యాడ్‌కు ఆఖరు తేదీ పెట్టడం మరిచిపోతే అది నడుస్తూనే ఉంటది, కాబట్టి బూస్ట్ నొక్కేటప్పుడే తేదీ వేసేయండి. ఫేక్ కంటెంట్ ఉందని తెలియజేస్తే పార్టీలు 3 గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం ఆదేశించింది. కోడ్ ఉల్లంఘన మీ కంటపడితే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు. 100 నిమిషాల్లో చర్య అనేది అందులో లెక్క.