పడకుండా నిలబెట్టే అరగంట

తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లిన ముసలాయన పాచి పట్టిన గచ్చు మీద జారి పడ్డాడన్న కబురు వానాకాలంలో ఏ ఊళ్లోనైనా వినిపించేదే. కుర్రవాడైతే దులుపుకుని లేస్తాడు. డెబ్భై దాటిన మనిషికి తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషను, మంచం, వీపున పుండ్లు, ఛాతీలో నెమ్ము. ఇంట్లో ఒకరు కూలి మానుకుని దగ్గర కూర్చోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్లనే చనిపోతున్నారు. వారిలో 60 దాటినవారే ఎక్కువ.

"వయసైపోయింది, పడక తప్పదు" అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు. అది నిజం కాదని న్యూజీలాండ్ దేశంలో రుజువైంది. డునెడిన్ నగరంలోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 80 ఏళ్లు, ఆపైబడిన 233 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టువారి ఇళ్లకు ఫిజియోథెరపిస్టు రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి, ఎవరి శక్తిని బట్టి వారికి కాళ్ల బలానికి, ఒంటి నిలకడకు వ్యాయామాలు నేర్పారు. రెండో జట్టువారిని ఊరికే పలకరించి వచ్చారు. ఏడాది తిరిగేసరికి పలకరింపుల జట్టువారు మొత్తం 152 సార్లు పడ్డారు. వ్యాయామం చేసినవారు 88 సార్లు. ఈ ఫలితాలు 1997లో వెలువడ్డాయి. ఆ తర్వాత 2019లో 25 దేశాల్లో జరిగిన 108 పరీక్షలను కలిపి చూస్తే, వ్యాయామంతో పడటం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని తేలింది.

స్తంభం పట్టుకుంటే చాలు

దీనికి యంత్రాలు అక్కర్లేదు. వసారా స్తంభమో, కిటికీ ఊచో, కదలని ఆసరా ఏదైనా సరే. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం పట్టుకోరాదు, అదే ముందు పడుతుంది.

గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి, మెల్లగా కూర్చోవడం అన్నిటికంటే ముఖ్యం. మొదట్లో చేతులు ఆన్చినా తప్పులేదు. ఐదుసార్లు చేయగలిగాక పదిసార్లు. తర్వాత మునివేళ్ల మీద లేవడం, మడమల మీద నిలబడటం, కాలు పక్కకు ఎత్తి దించడం. ఇవి సులువైనాక చీలమండకు అర కిలో, కిలో బరువు కట్టుకుంటారు. ఇసుక పోసి కుట్టిన గుడ్డసంచీ అయినా అదే పని చేస్తుంది.

ఇక నిలకడ. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి, గీత మీద నిలబడ్డట్టు పది లెక్కపెట్టాలి. అలా నిలబడటం వచ్చాక అలాగే నడవాలి. పక్కకు నడవడం, వెనక్కు నడవడం, ఒంటికాలి మీద నిలబడటం కూడా ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టి, కొన్నాళ్లకు ఒక చేయి, ఆ తర్వాత రెండోదీ వదలడమే ఇందులో కిటుకు. తేలికైనదాన్నే రోజూ చేస్తే లాభం లేదు. కాస్త తూలినట్టు ఉండాలి, పడేంతగా కాదు. వారానికి మూడుసార్లు, సారికి అరగంట. మానేస్తే వచ్చిన బలం పోతుంది.

"రోజూ పొలం దాకా వెళ్లి వస్తున్నాం గదా, ఇవన్నీ ఎందుకు?" అనేవారుంటారు. నడక మంచిదే. ఒటాగో పద్ధతిలోనూ వారానికి రెండుసార్లు నడక ఉంది. కాని నడక ఒక్కటే పడటాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కాలు జారిన క్షణంలో ఒంటిని నిలబెట్టేది తొడలు, పిక్కలు. వాటికి వేరే పని పెట్టాల్సిందే.

ఒకసారి పడ్డాక కొడుకూ కోడలూ "కదలకు నాయనా" అని మూల కూర్చోబెడతారు. ప్రేమతోనే. కూర్చున్నకొద్దీ కాళ్లు సన్నబడతాయి, రెండోసారి పడటం సులువవుతుంది. ఆ కట్టడికి భయపడే చాలామంది పెద్దలు పడ్డ సంగతి ఇంట్లో చెప్పరు.

లేవగానే కళ్లు తిరిగేవారు, నిద్రమాత్రలు వాడేవారు ముందుగా డాక్టరును కలవాలి. నిద్రమాత్రల మత్తులో తూలి పడటం ఎక్కువ. అలాగని వాటిని చెప్పకుండా హఠాత్తుగా మానరాదు. శుక్లాలుంటే తీయించుకోవాలి.

కేంద్రం 2010లో మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. ఉన్నదీ లేనిదీ వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. అక్కడ ఒకసారి చేయించి చూసుకుని ఇంట్లో మొదలుపెడితే మంచిది. మొదటి కొద్ది వారాలు పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి.