వీడియో గేమ్ సొమ్ములో ఎవరి వాటా ఎంత?

కంప్యూటర్ గేమ్‌కు చెల్లించే ధర నేరుగా దాన్ని తయారుచేసినవారికి చేరదు; అమ్మిపెట్టే ఆన్‌లైన్ దుకాణం ముందుగా తన కమీషన్‌ను మినహాయించుకుంటుంది. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించిన స్టీమ్ అనే దుకాణం చాలాకాలం 30 శాతం తీసుకుంటూ వచ్చి, 2018లో ఒక గేమ్ రాబడి కోటి డాలర్లు దాటితే ఆపై మొత్తం మీద 25 శాతానికి, 5 కోట్ల డాలర్లు దాటితే 20 శాతానికి తగ్గించింది. ఈ రాయితీ బాగా అమ్ముడుపోయే గేమ్‌లకే దక్కుతుందనీ, నిలదొక్కుకోవడానికి పెనుగులాడే చిన్న బృందాలు పూర్తి కమీషన్ చెల్లించక తప్పదనీ గుర్తించాలి. అదే ఏడాది డిసెంబరులో ఎపిక్ గేమ్స్ సంస్థ 12 శాతం కమీషన్‌తో సొంత దుకాణం తెరిచింది.

మిగిలిన సొమ్ములోనూ పంపకాలుంటాయి. నిర్మాణానికి పెట్టుబడి పెట్టి, ప్రచార బాధ్యత వహించే సంస్థను పబ్లిషర్ అంటారు. చాలా ఒప్పందాల్లో ఆ పెట్టుబడి తిరిగి వసూలయ్యేదాకా తయారీ బృందానికి రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, పూర్తిగా అందదు. నష్టభయం మోసే పబ్లిషర్‌కు ఈ రక్షణ సమంజసమే. అయితే జీతానికి పనిచేసే చిత్రకారులు, ప్రోగ్రామర్లలో చాలామందికి, గేమ్ ఎంత బాగా అమ్ముడైనా, రాయల్టీలో భాగం రాదు. వారి శ్రమకూ ఒప్పందంలోనే వాటా నిర్ణయించడం న్యాయం.