గీత పడిన పెట్టె

గత వేసవిలో ఇల్లు మారునప్పుడు, లారీలో కూలరు స్టాండు ప్రక్కన చేరిన నా కంప్యూటరు పెట్టె, దారి పొడవునను ఆ స్టాండుతో ఏమి కలహించినదో గాని, క్రొత్త యింటి గుమ్మమున దింపునప్పటికి దాని నల్లని ప్రక్కపలకమీద జానెడు పొడవున ఒక తెల్లని గీతయు, దాని చుట్టును పిల్లి గీరినట్లు నాలుగైదు సన్నని గీతలును, క్రింది మూలన బొటనవ్రేలు పట్టునంత సొట్టయు కనబడినవి. మా యింటిల్లిపాదియు ఆ పెట్టెను 'సీపీయూ' అనుచుందురు. నిజమునకు ఆ పేరుగలది లోపల అరచేతిలో ఇమిడిపోవు చిన్న బిళ్ళ. నేను దీనిని కొన్న సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వర్తకులు మాత్రము ఈ రేకుపెట్టెను 'క్యాబినెట్' అందురు. పేరేదైనను, లోపలి యంత్రమునకు దెబ్బ తగులలేదు గదా యని సంతోషింపవలసిన నేను, దానిముందు కూర్చున్నప్పుడెల్ల తెరను విడిచి ఆ గీతనే చూచుచుంటిని. క్రొత్త పెట్టె కొనుట సులభమే. కాని గీత పడినదని పెట్టెనే మార్చుట, అంచు చిరిగినదని చీరను పాఱవేయుటవలె తోచి, రంగు వేయించుటకే నిశ్చయించితిని.

రంగు మాటకు ముందు గాయము లోతు తెలియవలయును. దీనికి గోటిని మించిన పరికరము లేదు. గోటిని గీతకు అడ్డముగా లాగినప్పుడు తగులుకొనక జాఱిపోయినచో గాయము రంగులోనే యున్నది. తగులుకొన్నచో లోహమువఱకు దిగినదని యూహింపవచ్చును. సాధారణమైన పెట్టెలు 1 మిల్లీమీటరు మందమైనను లేని ఉక్కురేకుతో చేయబడును. అది వట్టి ఉక్కు కాదు; దానిపై తుత్తునాగము, అనగా జింకు, విద్యుత్ప్రక్రియచేత కొద్ది మైక్రాన్ల మందమున పూయబడి యుండును. ఆ జింకు ఉక్కుకంటె ముందుగా తానే క్షయించుచు, గీత పడినచోట గూడ కొంతకాలము ఉక్కును త్రుప్పునుండి కాపాడును. కావున గదిలో నీడపట్టున నుండు పెట్టెకు గోటికి తగులని గీత పడినచో, నల్లని టచప్ కలముతో దానిని కప్పి ఊరకుండుటయే మేలని నా యభిప్రాయము. చిన్న గీతను మాపబోయి పెద్ద మచ్చను తెచ్చుకొన్నవారు పెక్కుమంది. తైవానుకు చెందిన లియాన్ లీ వంటి సంస్థల అల్యూమినియము పెట్టెల సంగతి వేఱు. అందు పలువాటికి రంగు పైపూత కాదు, లోహముపై పెంచిన ఆక్సైడు పొరలోని సూక్ష్మరంధ్రములలో ఇంకిన వర్ణము. దానికి అతుకు వేయుట సాధ్యము కాదు. గీతతో కాపురము చేయవలయును, లేదా పలక మొత్తమును గీకి మొదటినుండి పని సాగింపవలయును.

నా పెట్టె ఉక్కుది, నా గోరు తగులుకొన్నది. పలకను విప్పి పాతదుప్పటిలో చుట్టుకొని బెజవాడ ఆటోనగరులో కార్లకు రంగువేయు ఒక మేస్త్రీని చూడబోతిని. ఆయన పలకను వెలుతురుకు అడ్డముగా పట్టి, ఒక కన్ను మూసి చూచి, సొట్టను వ్రేలితో తడిమెను.

"ఎన్ని కోట్లు వేస్తే ఈ గీత కనపడకుండా పోతుంది మేస్త్రీగారూ?" అని అడిగితిని.

"కోట్లతో గీత పోదండీ బాబూ, ఇంకా బాగా కనపడుద్ది. రంగుదేముంది, డబ్బా నొక్కితే చిన్నపిల్లాడైనా వేస్తాడు. కాగితం పట్టడంలోనే ఉందండి పనంతా."

కాగితమనగా ఆయన భాషలో ఉప్పుకాగితము. నీటితో రుద్దునది వాటర్ పేపరు. ఆ మాట విన్నంతనే నాకు మా చిన్ననాటి వీథులలో తిరిగిన కళాయివాడు జ్ఞప్తికి వచ్చెను. అతడు ఇత్తడిగిన్నెను నిప్పులపై కాచి, నవాసాగరము చల్లి, దూదితో గట్టిగా రుద్ది, తగరపు ముక్కను ఒక్కసారి తాకించినంతనే, తెల్లని మెఱపు గిన్నె లోపలంతట ప్రాకెడిది. మేము ఆ మెఱపును చూచి ముచ్చటపడెడివారము గాని, అది 232 డిగ్రీలకే కరగు తగరముయొక్క మహిమ కాదు. లోహముమీది మలినపు పొరను తినివేసిన నవాసాగరముయొక్కయు, రుద్దిన చేతియొక్కయు మహిమ. చిలుము మిగిలినచోట తగరము ముడుచుకొని పూసలుగా జాఱిపోవును. రంగు విషయమునను ధర్మమిదియే.

ఇంటిలో ఈ పని చేసికొనదలచినవారు మొట్టమొదట పెట్టెలోని సమస్తమును విప్పి వేఱుగదిలో పెట్టవలయును. ఉప్పుకాగితము రాల్చు ఉక్కుపొడి బోర్డులమీద పడినచో, కంటికి కనబడని తీగెలవలె ఒక దారినుండి మఱియొక దారికి విద్యుత్తును మరలించి వానిని చంపివేయును. పిదప పలకను సబ్బునీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తీసి, అప్పుడు 240 నంబరు కాగితముతో మొదలుపెట్టి 400 వఱకు పోవలయును. జిడ్డు తీయకమునుపే రుద్దినచో కాగితము ఆ జిడ్డును గీతలలోనికి దట్టించును. గీత అంచులు గట్టువలె నిలువుగా నుండరాదు; వ్రేలు నడచినప్పుడు ఎక్కడ రంగు ముగిసి ఎక్కడ లోహము మొదలైనదో తెలియనంత వాలుగా దిగవలయును. కన్ను మోసపోవును గాని కన్నులు మూసికొని తడిమిన వ్రేలికొన మోసపోదు. సొట్టను వెనుకనుండి కఱ్ఱదిమ్మతో మెల్లగా తట్టి లేపి, మిగిలిన పల్లమును కార్లవారి పుట్టీతో పూడ్చవచ్చును.

ఇచ్చట చాలమంది ఇంటి తలుపులకు వాడగా మిగిలిన రెడ్ ఆక్సైడు ప్రైమరును, ఎనామిల్ రంగును తెచ్చి పూయుదురు. ఉక్కు కిటికీ చువ్వలకు అది తగినదే. జింకుపై మాత్రము అనర్థము. ఎనామిల్‌లోని నూనెతో చేసిన రెసిన్ జింకు లవణములతో కలిసి, రంగునకును లోహమునకును నడుమ నెమ్మదిగా ఒకవిధమైన సబ్బుగా మాఱును. తలుపు మూసి లోపల సబ్బు పూసినట్లే. కొన్ని నెలలకు రంగు అట్టలు కట్టి లేచిపోవును. అందుచేత జింకు బయటపడినచోట ఎచ్ ప్రైమరు వాడవలయును. అందలి ఫాస్ఫారికామ్లము లోహమును కొంచెము కొఱికి పట్టు కల్పించును.

డబ్బానుండి రంగు చిమ్ము నేర్పు 1949లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున సికమోర్ పట్టణమునకు చెందిన ఎడ్వర్డ్ సీమోరు అను రంగుల వర్తకునిది. ఆయన తన అల్యూమినియము రంగును కొనువారికి చూపుటకు సులువైన ఉపాయము వెదకుచుండగా, ఆయన భార్య బానీ ఆ రంగును ఏరోసాల్ డబ్బాలో పోయరాదా యని సూచించెనట. దానికి పావు శతాబ్దము ముందే, 1923లో, డ్యూపాంట్ సంస్థ 'డ్యూకో' యను నైట్రోసెల్యులోజు లక్కరంగును వెలువరించి, వారములతరబడి ఆరవలసిన మోటారుబండ్ల రంగును గంటలలో ఆరునట్లు చేసెను. ఆ వ్యాపారనామము మన మేస్త్రీల నోట నేటికిని జాతినామముగా నిలిచియున్నది.

డబ్బాను పలకకు ఇరువది ముప్పది సెంటీమీటర్ల దూరమున పట్టి, చిమ్ముట పలకకు వెలుపలనే మొదలుపెట్టి, అవతల వెలుపలనే ముగింపవలయును. చేయి మధ్యలో ఆగినచోట రంగు కన్నీటివలె జాఱును. ఒక్క దట్టమైన పూతకంటె, పది పదునైదు నిమిషముల యెడముతో వేసిన మూడు నాలుగు పలుచని పూతలు మేలు. నేను ఈ సూత్రములన్నియు పాటించితిని గాని, పంచాంగము చూడనైతిని. ఆషాఢమాసపు ముసురులో వరండాలో వేసిన నా నల్లరంగు గంటలోపల బూడిద పూసినట్లు తెల్లబడెను. ద్రావకము త్వరత్వరగ ఆవిరియగుచు పలకను చల్లబఱచినప్పుడు, గాలిలోని తేమ మంచువలె దానిపై దిగి రంగులో చిక్కుకొనును. లక్కరంగువారు దీనిని 'బ్లషింగు' అందురు. దానికి తోడు సంధ్యవేళ రెండు దోమలు ఆ పలకపై శాశ్వతనివాస మేర్పఱచుకొన్నవి. గంటకు చేతికి అంటకున్నను, ఎనామిల్ రంగు గట్టిపడుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఆతురపడి పలక బిగించినవాని వ్రేలిముద్రలు దానిపై శిలాశాసనములగును.

దోమల పలకను చూచి మేస్త్రీ నవ్వి, వీథి చివరనున్న పౌడరు కోటింగు షెడ్డునకు నన్ను పంపెను. కిటికీ ఫ్రేములును, బీరువా తలుపులును కొక్కెములకు వ్రేలాడుచు పొయ్యిలోనికి పోవు ఆ షెడ్డులో ద్రవమైన రంగు చుక్కయైనను లేదు. అంతయు గోధుమపిండివంటి పొడి. ఈ విద్యకు మూలపురుషుడు ఎర్విన్ గెమ్మర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. 1950 తరువాతి తొలి వత్సరములలో ఆయన, క్రిందినుండి గాలి ఊది పొడిని నీటివలె తేలించి, వేడిచేసిన లోహమును అందు ముంచు పద్ధతిని కనిపెట్టెను. నేటి తుపాకి పద్ధతి దాని పిమ్మట వచ్చినది. తుపాకి కొనయందు 60 మొదలు 100 కిలోవోల్టుల ఒత్తిడి యుండును. పొడిరేణువులు ఆవేశము పొంది, ఎర్తు చేసిన లోహమును అయస్కాంతమును ఇనుపరజను పట్టినట్లు పట్టుకొనును. పిదప 180 మొదలు 200 డిగ్రీల పొయ్యిలో పది ఇరువది నిమిషములు కాల్చినచో రేణువులు కరగి, ప్రాకి, ఒకదానితో నొకటి రసాయనబంధములచే ముడిపడును. పచ్చికుండను నీటిలో నానవేసిన మరల మన్నగును. కాల్చినకుండ ఎన్నటికిని మన్ను కాదు. ఈ పూతయు నట్టిదే, మరల వేడిచేసినను కరగదు. మందము 60 మొదలు 80 మైక్రాన్లు, అనగా ఇంచుమించు ఒక తలవెండ్రుకంత.

పొడికి ఒక వింతగుణము గలదు. నీలమును పసుపును కలిపినచో ఆకుపచ్చ పుట్టదు. దగ్గఱనుండి చూచిన నీలపు చుక్కలును పసుపు చుక్కలును వేఱువేఱుగానే కనబడును. అందుచేత కావలసిన వర్ణమును కార్ఖానానుండియే తెప్పింపవలయును, సంఖ్యతో అడుగవలయును. ఆ సంఖ్యలు జర్మనీలో 1927లో నలుబది రంగులతో మొదలైన రాల్ పట్టికవి. షెడ్డువారు బూడిదరంగు స్విచ్‌బోర్డు పెట్టెను చూపి, 7032 అనియు, 'సీమెన్స్ గ్రే' అనియు అందురు. నా నలుపు 9005.

పలకవఱకైనచో కథ ఇంతే. పెట్టె మొత్తమునకు వేయింపదలచినవారికి మాత్రము ఒక చిక్కు కలదు. 1836లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే పండ్రెండడుగుల ఘనాకారపు గదియొకటి కట్టించి, దానికి లోహపు తీగెలును రేకును చుట్టి, వెలుపల విద్యుత్తు మిణుగుఱులు చిందుచుండగా తాను లోపల కూర్చుండి, అచ్చట దాని జాడయైనను లేదని నిరూపించెను. కంప్యూటరు పెట్టె ఆ గదికి మనుమరాలు. లోపలి యంత్రము పుట్టించు రేడియో రొద వెలుపలికి పోయి ఇరుగుపొరుగు రేడియోలను చెఱపకుండ ఆపునది ఈ రేకే. అమెరికా సమాచార సంఘము 1979లో ఈ రొదకు హద్దులు విధించినది. రేడియోషాక్ వారి టీఆర్ఎస్-80 తొలి నమూనా 1981లో అంగడినుండి తొలగుటకు ముఖ్యకారణము ఆ హద్దులే. ఇప్పుడు చిత్రమేమనగా, యంత్రమునకు మేలు చేయు ఆ ఫారడే ధర్మమే రంగువానికి శత్రువైనది. విద్యుద్బలరేఖలు పెట్టె అంచులమీదనే గుమిగూడి, లోపలి మూలలలోనికి దిగవు. పొడి అంచులపై దట్టముగను, మూలలలో వెలవెలబోవుచును పడును. వోల్టేజి తగ్గించియో, టెఫ్లాను గొట్టములో రాపిడిచేత పొడికి ఆవేశమిచ్చు వేఱు తుపాకితోనో మంచి పనివారు దీనిని కొంత జయింతురు.

అంతకంటె ముఖ్యము మఱియొకటి. పెట్టె లోపలి భాగమును ఉత్పత్తిదారులు పెక్కుచోట్ల జింకురంగుననే వదలివేయుట పిసినారితనము కాదు. మూడుపుల్లల ప్లగ్గు తెచ్చిన ఎర్తు పవర్ సప్లైకి వచ్చి, దాని నాలుగు స్క్రూలద్వారా పెట్టెకును, మదర్‌బోర్డు క్రింది ఇత్తడి గుబ్బలద్వారా బోర్డునకును సంబంధము కలిగించును. రంగు విద్యుత్తును పోనీయదు. అందమునకని ఆ తావులన్నింటిని కప్పివేసినచో, పెట్టెను తాకినప్పుడెల్ల వ్రేలికి చుఱుక్కుమని తగులుట మొదలు, అంతకంటె పెద్ద అపాయమువఱకు దారితీయవచ్చును. కావున పొయ్యికి పంపకముందే పవర్ సప్లై ఆనుచోటును, గుబ్బల పాదములును వేడికోర్చు టేపుతోను, స్క్రూ రంధ్రములను సిలికాను బిరడాలతోను మూయించవలయును; వెండ్రుకంత మందముగల పూత సన్ననిమరలో పడినచో స్క్రూ సగములోనే మొరాయించును. ప్లాస్టిక్కు పాదములు, రబ్బరు దిండ్లు ఆ వేడికి నిలువవు గనుక విప్పివేయవలయును. మామూలు పుట్టీయు నిలువదు. నా సొట్టను పూడ్చినదంతయు గీకివేయవలసి వచ్చెను. ఇసుక చిమ్మి పాతరంగు తీయుదుమన్నచో పలుచని రేకు అప్పడమువలె వంకరపోవునని, వలదనుడు. త్రుప్పు తీయు ఆమ్లపు తొట్టెలో ముంచుటయు వలదు; అది ఉక్కుకు మందు, జింకుకు విషము. ఇవి యన్నియు కాగితముపై వ్రాసి పలకకు అంటించి యిచ్చుట మంచిది, ఏలయన షెడ్డువానికి దినమునకు నూఱు కిటికీలు.

ఇంటి వంటకు వాడు ఓవెనులో పొడిని కాల్చుట ఒకటియు, కార్లకు వాడు రెండు డబ్బాల గట్టి క్లియర్ కోటును మామూలు ముక్కుగుడ్డతో చిమ్ముట ఒకటియు, ఎంత ఉత్సాహముగలవారికైనను నిషిద్ధములు. రెండవదానిలోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు శాశ్వతముగ హానిచేయగలదు.

నా పలక నాలుగవనాటికి తిరిగివచ్చినది. సొట్ట ఎక్కడనుండెనో షెడ్డువాడు చూపుమన్నను చూపలేనంత చక్కగా వచ్చినది. అంచులపై పూత దట్టమై, పాతగాడిలో జాఱక, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేయవలసి వచ్చెను. బిగించి, దూరముగా నిలిచి, తల ప్రక్కకు వంచి చూచితిని. ఆ నలుపు నిగనిగలాడుచున్నది. అదే 9005 అయియు, ఏండ్లతరబడి చేయి తగిలిన రెండవ ప్రక్కపలక దానిముందు వెలిసిన గొడుగువలె కనబడుచున్నది. సోమవారము దానిని గూడ తీసికొని రమ్మని షెడ్డువాడు చెప్పినాడు.