కల్సూబాయి కొండపై ఒక తప్పు లెక్క

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. చదివింది బి.కాం. అప్పు ఇచ్చే ముందు తీసుకునేవాడి తాహతు చూడటం, మార్జిన్ ఉంచుకోవడం నా ఉద్యోగ ధర్మం. ఆ ధర్మాన్ని ఒక ఆదివారం మరచిపోయినందువల్ల మా బావగారి ప్రాణం మీదికి వచ్చింది. సంఘంలోని పెద్దలు చాలామంది ఈమధ్య కొండలెక్కే సరదాలో పడ్డారు కనుక, నా తప్పు నలుగురికీ తెలియడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముంబయి, ఠాణే, కల్యాణ్ ప్రాంతాల్లో తరాల క్రితం స్థిరపడ్డ మనకు సహ్యాద్రి పెరటి చెట్టు వంటిది. పొద్దున బయలుదేరి, కొండెక్కి, రాత్రికి ఇల్లు చేరి, సోమవారం ఆఫీసుకు వెళ్ళవచ్చు. అలాంటి కొండల్లో పెద్దది కల్సూబాయి. ఎత్తు 1646 మీటర్లు. మహారాష్ట్రలో ఇంతకు మించిన శిఖరం లేదు. మన పాడేరు వైపు అర్మకొండకు ఎత్తులో ఇంచుమించు తోబుట్టువు. అహల్యానగర్ (ఇదివరకటి అహ్మద్‌నగర్) జిల్లా అకోలే తాలూకాలో, నాసిక్ జిల్లా సరిహద్దున ఉంది.

కొండకు పేరు వచ్చిన కథ ఆ ఊళ్ళో చెబుతారు. కల్సు అనే కోలీ పిల్ల ఒక ఇంట్లో పనికి కుదిరిందట. అంట్లు తోమనని, ఇల్లు ఊడ్వనని ముందే షరతు పెట్టింది. ఒకనాడు చుట్టాలొచ్చారని ఆ పనులే చేయించారు. చేసింది, ఆపైన ఇల్లు విడిచి ఈ కొండెక్కి ఇక దిగిరాలేదు. ఇప్పుడు శిఖరం మీద చిన్న గుడిలో దేవతగా పూజలందుకుంటోంది. నవరాత్రులకు జాతర. మన గ్రామదేవతల కథలు విన్న చెవులకు ఇది కొత్తగా అనిపించదు.

పోయిన డిసెంబరులో పద్దెనిమిది మందిమి బయలుదేరాం. తెల్లవారుజామున కసారా లోకల్ ఎక్కి, కసారాలో ముందే మాట్లాడుకున్న జీపులెక్కి, ఘాట్ దాటి ఇగత్‌పురి, ఘోటీల మీదుగా బారీ గ్రామం చేరాం. కొండకు అదే ముంగిలి. వరిచేలు కోసేసి ఉన్నాయి, ఎండుగడ్డి కుప్పలు వేసి ఉన్నాయి. వాగు దాటి, కింది గుడికి దండం పెట్టుకుని నడక మొదలుపెట్టేసరికి తొమ్మిదిన్నర.

మా బావగారికి అరవై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా సుగర్. రోజూ చెరువు గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి. అక్కయ్య రాలేదు, మోకాళ్ళ నొప్పులు. బయలుదేరేటప్పుడు, “ఒరే తమ్ముడూ, ఆయన్ని నీకు అప్పజెబుతున్నా” అంది. “నేనున్నానుగా అక్కా” అన్నాను.

రైల్లో ఆరింటికి బావగారు మాత్ర వేసుకున్నారు. అక్కయ్య పెట్టిన పులిహోర డబ్బా తీయబోతే నేనే వారించాను. “ఇప్పుడు తింటే కడుపు బరువై ఎక్కలేరు బావగారూ! పైన గుడి దగ్గర అందరం కలిసి తిందాం” అన్నాను. మొహమాటస్తుడు. రెండు బిస్కెట్లతో సరిపెట్టారు.

బారీ నుంచి శిఖరానికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పెద్దమనిషి నడకకు ఒక లెక్క చెప్పాడు. చదును మీద గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు మరో గంట. అది దిట్టమైన నడకగాళ్ళ లెక్క. మన వయసుకు, ఆ నల్లరాతి మెట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. నేను వేసుకోలేదు. పన్నెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని నేనే ప్రకటించి, తీరా పన్నెండున్నర అయ్యాక, “ఇంకో అరగంటే” అంటూ అందరినీ తరిమాను.

నిటారు బండల దగ్గర ఇనుప నిచ్చెనలు బిగించి ఉంటాయి. వాటిలో ఒకదాని మొదట్లో బావగారు బండ మీద చతికిలబడ్డారు. చల్లగాలి వీస్తోంది, అయినా చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. “నీళ్ళు తాగుతారా?” అంటే, “నన్ను విసిగించకోయ్!” అని కసిరారు. నలభై ఏళ్ళలో ఆయన నన్ను కసిరి ఎరగరు. అలసట అనుకున్నాను. “లేవండి, గుడి కనిపిస్తూనే ఉంది” అన్నాను. లేచి నిచ్చెన మీద కాలు పెట్టబోయారు. కాలు మెట్టు మీద పడలేదు, గాలిలో పడింది. వెనకనున్న మా అబ్బాయి నడుము పట్టుకోకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయం.

పక్కనే నిమ్మరసం అమ్ముకుంటున్న ఊరి ఆవిడ అదంతా చూస్తోంది. “ఈయనకు సుగర్ ఉందా?” అని మరాఠీలో అడిగింది. ఉందన్నాను. “పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?” నా దగ్గర జవాబు లేదు. ఆవిడ గ్లాసులో మూడు నిండు చెంచాల పంచదార వేసి, నిమ్మకాయ పిండి, ఆయన చేత గుక్కగుక్కగా తాగించింది. తన మామగారికీ ఇలాగే అవుతుందట. పావుగంటకి మరో గ్లాసు. అప్పుడు బావగారు చుట్టూ చూసి, “మనం ఎంతదాకా వచ్చామోయ్?” అన్నారు. మామూలు గొంతు. నాకు కళ్ళు తిరిగినంత పనైంది.

మెల్లగా పులిహోర తినిపించాం. ఆయన పైకే వెళదామన్నారు. ఈసారి నేను లొంగలేదు. కుర్రవాళ్ళను పైకి పంపి, మా అబ్బాయి, నేను ఆయన్ను మధ్యలో పెట్టుకుని దిగిపోయాం. బారీలో ఒక ఇంట్లో వేడివేడి పిఠ్లా, భాకరీ పెట్టారు. పైనుంచి భండార్‌దరా జలాశయం, అలంగ్, మదన్, కులంగ్ కోటలు ఎంత బాగా కనిపించాయో కుర్రవాళ్ళు వచ్చి వర్ణిస్తుంటే వింటూ కూర్చున్నాం.

రాత్రి ఇంటికి చేర్చి, ఉన్నదున్నట్టు అక్కయ్యకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కొండెక్కించమన్నాను గానీ పస్తు పెట్టమన్నానట్రా?” అంది. అంతే. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాడు డాక్టరుగారు వివరించారు. సుగర్ తగ్గించే కొన్ని మాత్రలు వేసుకుని, తిండి తగ్గించి, గంటల తరబడి శ్రమపడితే రక్తంలో చక్కెర డెబ్బై కంటే కిందికి జారుతుంది. చెమట, వణుకు, కారణం లేని కోపం, తడబాటు దాని గుర్తులు. అలసటలాగే కనిపిస్తాయి కనుక కొండ మీద మరింత మోసం. వెంటనే మూడు చెంచాల పంచదార గానీ, పదిహేను గ్రాముల గ్లూకోజు గానీ ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి, తేరుకున్నాక అన్నమో రొట్టో పెట్టాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి చేర్చాలి.

ఇప్పుడు మా జట్టుకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరు ఏ మందు వాడుతున్నారో నాయకుడికి ముందే చెప్పాలి. నడక రోజున మాత్ర మోతాదు డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తినకుండా అడుగు వేయరాదు. ప్రతి అరగంటకీ ఏదో ఒకటి నోట్లో పడాలి. పంచదార ఉండాల్సింది సంచిలో కాదు, ఆ మనిషి జేబులోనే. అందరికంటే మెల్లగా నడిచేవారు ముందు నడవాలి. వెనక్కి తిరిగే వేళ దాటితే శిఖరం పది గజాల్లో ఉన్నా తిరగాలి. వానాకాలంలో ఆ రాళ్ళు నాచుపట్టి జారతాయి కనుక పెద్దవాళ్ళు ఆ నెలల్లో నిచ్చెనల జోలికి పోకపోవడమే మేలు.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. మోతాదు మార్పించుకుని, జేబు నిండా పుట్నాలు, బెల్లం వేసుకుని బావగారే ముందు నడిచారు. ఎనిమిదింటికే మొదలుపెట్టాం, పన్నెండు కాకముందే గుడి ముందున్నాం. అక్కయ్య ఇచ్చిన జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమలు కల్సూబాయికి సమర్పించాం.

దిగేటప్పుడు అదే నిచ్చెన దగ్గర అదే ఆవిడ. బావగారు నమస్కారం పెట్టి, అందరికీ నిమ్మరసం ఇమ్మన్నారు. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టింది. గ్లాసు అందుకోకముందే నా వైపు తిరిగి అడిగింది:

“జేవలాత్ కా?”

భోంచేశారా అని. ఈసారి నా దగ్గర జవాబు ఉంది.